నిర్దోషి అన్నాక అప్పీలు

బలహీనమైన సాక్ష్యం మీద వచ్చిన విడుదల తీర్పును పై కోర్టు ఎంతవరకు తిరగదోడగలదు?

క్రిమినల్ కేసులో విచారణ కోర్టు నిందితుణ్ణి నిర్దోషిగా విడిచిపెడితే ఆ తీర్పు మీద ప్రభుత్వమో బాధిత కుటుంబమో పై కోర్టుకు వెళ్లవచ్చునన్న సంగతి చాలామందికి తెలుసు గానీ, వెళ్లిన తర్వాత ఆ పై కోర్టు దేన్ని చూస్తుంది, దేన్ని ముట్టుకోదు, ఏ హద్దు దగ్గర ఆగిపోతుంది అన్నది కోర్టు ఆవరణ దాటి బయటకు స్పష్టంగా వచ్చిన విషయం కాదు. అందువల్లనే బి.కొత్తకోటలోనైనా, మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలోనైనా ఒక హత్యకేసు వీగిపోయిన రోజున బాధితుల వైపు నుంచి వినిపించే మొదటి మాట ‘హైకోర్టుకు పోదాం’ అన్నదే అవుతుంది. అక్కడికి పోతే ఇక్కడ జరగనిది జరుగుతుందన్న ఆశ ఆ మాటలో ఉంటుంది. ఆ ఆశ కొన్ని కేసుల్లో న్యాయమైనదే, తెలుగు నేల మీద జరిగిన ఒకటి రెండు ఘోరాల్లో అది నెరవేరింది కూడా. అయితే అరుదుగా అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం ఉన్నప్పటికీ, పై కోర్టు ప్రధానంగా కింది కోర్టులో నమోదైన వాంగ్మూలాలను, దాఖలైన కాగితాలను, వాటి ఆధారంగా వచ్చిన తీర్పును మళ్లీ చదివే చోటు మాత్రమే. దర్యాప్తు తొలి రోజుల్లో జారిపోయిన సాక్ష్యం పదేళ్ల తర్వాత అప్పీలులో దొరకదు. విడుదల తీర్పుల మీద దశాబ్దాలుగా సాగుతున్న న్యాయచర్చ అంతా ఈ వాస్తవం చుట్టూనే తిరుగుతోంది.

ఈ ప్రాంతంలో నమోదైన తీవ్రనేరపు కేసు ముందుగా మేజిస్ట్రేటు కోర్టుకు చేరుతుంది. అది సెషన్స్ కోర్టు మాత్రమే విచారించదగిన నేరమైతే మేజిస్ట్రేటు దాన్ని కమిట్ చేస్తారు, అంటే విచారణ నిమిత్తం సెషన్స్ కోర్టుకు అప్పగిస్తారు. అక్కడ వచ్చిన విడుదల తీర్పు మీద అప్పీలు నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అమరావతికి వెళ్లాలి. చిత్తూరు సీమ ప్రజలకు హైకోర్టు ఎప్పుడూ ఒకేచోట నిలిచింది కాదు: మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం మద్రాసు హైకోర్టు, 1954లో గుంటూరు, 1956 నుంచి హైదరాబాదు, 2019 జనవరి 1 నుంచి అమరావతి వారి పై కోర్టులయ్యాయి. కొడుకునో కూతురినో పోగొట్టుకున్న కూలి కుటుంబానికి ఈ దూరం చట్టంలో కనిపించని అడ్డంకి అన్న సంగతిని అప్పీలు హక్కు గురించి మాట్లాడేవారు గుర్తుంచుకోవాలి.

విడుదల మీద అప్పీలు అన్నది ఈ దేశపు నేరవిచారణ పద్ధతిలో మొదటి నుంచీ ఉన్నది కాదు. 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అలాంటి అప్పీలుకు తావివ్వలేదు. 1872 కోడ్ ఆ అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది, 1898 కోడ్‌లోని 417వ సెక్షన్ దాన్ని కొనసాగించింది, 1955 సవరణతో ప్రైవేటు ఫిర్యాదుదారుకు కూడా ప్రత్యేక అనుమతి మీద అప్పీలు చేసుకునే వీలు వచ్చింది. 1973 కోడ్‌లోని 378వ సెక్షన్ ప్రభుత్వం సైతం హైకోర్టు అనుమతి తీసుకున్న తర్వాతనే అప్పీలు నడపాలన్న నియమం పెట్టింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే ఏర్పాటు 419వ సెక్షన్‌గా కొనసాగుతోంది. అనుమతి అంటే తీర్పును మార్చడానికి ముందే ఒప్పుకోవడం కాదు, కేసులో వాదించదగిన అంశం ఉందా లేదా అని తొలిచూపులో పరిశీలించడం. ఆ పరిశీలనలో అప్పీలును తిరస్కరించినా హైకోర్టు కారణాలు రాయాలని, ఒక్క వాక్యంతో తోసిపుచ్చరాదని 2004లో సోహన్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటు కోర్టులో వచ్చిన కొన్ని రకాల విడుదల తీర్పుల మీద ప్రభుత్వ అప్పీలు 2005 నాటి సవరణ తర్వాత హైకోర్టుకు కాకుండా సెషన్స్ కోర్టుకే వెళుతోంది.

విడుదలైన వ్యక్తి కూడా ఆ రోజుతో పూర్తిగా బయటపడినట్టు కాదు. పై కోర్టు పిలిస్తే హాజరవుతానని విచారణ ముగిసేలోపే ఆయన చేత బాండు రాయించుకుంటారు, అది ఆరు నెలలపాటు అమల్లో ఉంటుంది. అప్పీలు విచారణకు స్వీకరించాక ఆయన్ను అరెస్టు చేయించి జైలుకు పంపే అధికారం, లేదా జామీను మీద ఉంచే అధికారం హైకోర్టుకు ఉంటుంది. ఒకే నేరానికి ఒక మనిషిని రెండుసార్లు శిక్షించరాదన్న రాజ్యాంగ రక్షణ దీనికి అడ్డు రాదు, ఎందుకంటే అప్పీలును మన న్యాయశాస్త్రం కొత్త విచారణగా చూడదు, పాత విచారణకే కొనసాగింపుగా చూస్తుంది. ఈ విషయంలో దేశాల మధ్య తేడా పెద్దదే. అమెరికాలో జూరీ నిర్దోషి అని చెప్పాక ప్రభుత్వం అప్పీలుకు వెళ్లలేదు. కెనడాలో చట్టపరమైన ప్రశ్న మీద మాత్రమే వెళ్లగలదు. ఇంగ్లాండులో 2003 నాటి చట్టం తర్వాత అతి తీవ్రమైన నేరాల్లో, బలమైన కొత్త సాక్ష్యం దొరికినప్పుడు పునర్విచారణకు దారి ఏర్పడింది. భారతదేశం వీటన్నిటికంటే విశాలమైన అధికారాన్ని పై కోర్టుకు ఇచ్చింది: వాస్తవాలను, సాక్ష్యాలను, చట్టాన్ని, మూడింటినీ తిరిగి తూచవచ్చు, విడుదలను శిక్షగా మార్చవచ్చు. ఇంత విశాలమైన అధికారం కాబట్టే దాన్ని వాడే చేతికి కట్టుబాట్లు అవసరమయ్యాయి.

రెట్టింపు రక్షణ

ఆ కట్టుబాట్లకు పునాది 1934లో ప్రివీ కౌన్సిల్ షియో స్వరూప్ కేసులో వేసింది. స్వాతంత్ర్యానికి ముందు మన దేశపు అప్పీళ్లకు అత్యున్నత న్యాయస్థానమైన ఆ కౌన్సిల్, హైకోర్టు అధికారానికి చట్టంలో పరిమితి లేదని అంగీకరిస్తూనే, నాలుగు విషయాలకు బరువివ్వాలని చెప్పింది: సాక్షుల నమ్మదగినతనం మీద విచారణ జడ్జి అభిప్రాయం, నిందితుడి పక్షాన ఉన్న నిర్దోషిత్వ భావన విడుదలతో ఏమాత్రం బలహీనపడకపోవడం, సందేహ లబ్ధి పొందే హక్కు, సాక్షులను కళ్లారా చూసిన జడ్జి నిర్ణయాన్ని కదిలించడానికి పై కోర్టు చూపాల్సిన నిదానం. నిర్దోషిత్వ భావన అంటే నేరం రుజువయ్యేదాకా ప్రతి మనిషినీ నిర్దోషిగానే ఎంచడం. సందేహ లబ్ధి అంటే రుజువులో సహేతుకమైన అనుమానం మిగిలితే ఆ అనుమానపు ప్రయోజనాన్ని నిందితుడికే ఇవ్వడం.

ఈ నాలుగింటిలో చివరిది చాలామంది అనుకునేదానికంటే బరువైనది. సాక్షి తెలుగులోనో, ఉర్దూలోనో, కుప్పం వైపు అయితే తమిళంలోనో కన్నడంలోనో చెప్పిన మాట చాలాచోట్ల జడ్జి ఇంగ్లిష్‌లో చెప్పి రాయించగా రికార్డులోకి ఎక్కుతుంది. ఆ మాట చెప్పేటప్పుడు సాక్షి ఎక్కడ తడబడ్డాడు, ఏ ప్రశ్నకు ఎవరి వైపు చూశాడు, ఏడ్చినప్పుడు ఆ ఏడుపు ఎలా వచ్చింది అన్నవి ఆ కాగితం మీద చాలావరకు మిగలవు. సాక్షి తీరు మీద వ్యాఖ్య రాసుకోవాలని చట్టం జడ్జికి చెబుతున్నా ఆ వ్యాఖ్యలు రికార్డుల్లో కనిపించేది తక్కువ. ఏళ్ల తర్వాత అమరావతిలో ఆ కాగితాన్ని చదివే న్యాయమూర్తి ఎంత సమర్థుడైనా, మదనపల్లె కోర్టు బోనులో నిలబడిన మనిషిని చూసిన జడ్జికి దక్కినదంతా ఆయనకు దక్కదు.

1952లో సూరజ్‌పాల్ సింగ్ కేసు తర్వాత కొంతకాలం విడుదలను రద్దు చేయడానికి ‘గణనీయమైన, బలవత్తరమైన కారణాలు’ ఉండాలన్న మాట న్యాయస్థానాల్లో ఒక కొత్త పరిమితిలా వాడుకలోకి వచ్చింది. 1961లో సన్వత్ సింగ్ కేసు ఆ అపోహను తొలగించగా, 2007లో చంద్రప్ప కేసులో సుప్రీంకోర్టు మొత్తం సూత్రాన్ని ఒకచోట కూర్చింది. దాని ప్రకారం సాక్ష్యాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరిగి పరిశీలించే పూర్తి అధికారం పై కోర్టుకు ఉంటుంది. అయితే విడుదలైన నిందితుడికి రెట్టింపు నిర్దోషిత్వ భావన వర్తిస్తుంది, ఎందుకంటే చట్టం ఇచ్చిన మొదటి రక్షణకు కోర్టు తీర్పు ఇచ్చిన రెండో బలం తోడైంది. ఉన్న సాక్ష్యం మీద రెండు సహేతుకమైన నిర్ణయాలకు వీలుంటే విచారణ కోర్టు తీసుకున్న విడుదల నిర్ణయాన్ని కదిలించరాదు. 2023లో హెచ్.డి.సుందర కేసు దీన్ని ఇంకా సూటిగా చెప్పింది: పై కోర్టు అడగవలసిన ప్రశ్న తనకు వేరే అభిప్రాయం కలుగుతుందా అన్నది కాదు, విచారణ కోర్టు అభిప్రాయం ఆ సాక్ష్యం మీద సాధ్యమైన అభిప్రాయమేనా అన్నది. చంద్రప్ప, సుందర, 2024 నాటి మల్లప్ప కేసులు మూడూ బి.కొత్తకోటకు దగ్గర్లోనే సరిహద్దు మొదలయ్యే కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లినవే కావడం ఈ ప్రాంతపు న్యాయవాదులకు ఆసక్తి కలిగించే విషయం.

తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులు

సాక్ష్యం ఎప్పుడు బలహీనం, ఎప్పుడు బలవంతం అన్న ప్రశ్నకు దేశమంతా చదువుకునే సమాధానాల్లో కొన్ని తెలుగు ప్రాంతాల్లోనే పుట్టాయి. వాటిలో మొదట చెప్పుకోవలసింది గుంటూరు జిల్లాకు చెందిన పులుకూరి కోటయ్య కేసు. ఆ జిల్లాలో జరిగిన హత్యలకు సంబంధించి గుంటూరు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన ఆ కేసులో, పోలీసుల అదుపులో ఉన్న నిందితుడు తాను బరిసెను గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని చెప్పిన మాట ఎంతవరకు సాక్ష్యమవుతుందన్న ప్రశ్న తలెత్తింది. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదన్నది మన చట్టంలోని సాధారణ సూత్రం; కానీ ఆ మాట వల్ల ఒక వాస్తవం బయటపడితే, ఆ వాస్తవానికి నేరుగా సంబంధించిన భాగం మాత్రం పనికి వస్తుందని 2024 దాకా అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 27వ సెక్షన్ చెప్పేది. 1946 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో ప్రివీ కౌన్సిల్, బయటపడిన వాస్తవం అంటే వస్తువొక్కటే కాదని, అది దాచిన చోటు, ఆ చోటు నిందితుడికి తెలిసి ఉండటం కూడా అందులో భాగమని వివరిస్తూ, ‘ఈ ఆయుధంతోనే పొడిచాను’ అన్న భాగాన్ని మాత్రం లోపలికి రానివ్వలేదు.

ఈ గీత నేటికీ ప్రతి హత్యకేసులోనూ పనిచేస్తోంది. నిందితుడు చూపించిన కత్తిని స్వాధీనం చేసుకునేటప్పుడు పోలీసులు ఇద్దరు మధ్యవర్తులను, తరచుగా గ్రామ రెవెన్యూ అధికారులను, వెంట తీసుకువెళ్లి వారి సంతకాలతో నివేదిక రాయిస్తారు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు వచ్చేసరికి ఆ మధ్యవర్తి తాను స్టేషన్‌లోనే సంతకం చేశానని ఒప్పుకుంటే, ఆ కత్తి దొరికిన కథ చాలాసార్లు అక్కడికక్కడే కూలిపోతుంది. ఆ ఒప్పుకోలు ఒకసారి రికార్డయ్యాక, దాన్ని నమ్మి విడుదల చేసిన జడ్జి అభిప్రాయం సాధ్యమైన అభిప్రాయం కాదని ఏ హైకోర్టూ అనలేదు.

అదే 27వ సెక్షన్ విషయంలో వచ్చిన 1962 నాటి కె.చిన్నస్వామిరెడ్డి వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసు, విడుదల తీర్పుల మీద పై కోర్టు అధికారానికి మరో కొలత ఇచ్చింది. దొంగిలించిన నగలను దాచిన చోటు చూపిస్తానని నిందితుడు చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోరాదని అప్పీలులో సెషన్స్ జడ్జి విడిచిపెట్టగా, ఫిర్యాదుదారు రివిజన్‌కు వెళ్లారు. రివిజన్ అంటే కింది కోర్టు ఉత్తర్వు చట్టబద్ధంగా ఉందో లేదో హైకోర్టు పరిశీలించే పరిమితమైన అధికారం. హైకోర్టు పునర్విచారణకు ఆదేశించింది. రివిజన్‌లో విడుదలను నేరుగా శిక్షగా మార్చరాదన్న నిషేధాన్ని దొడ్డిదారిన దాటరాదని సుప్రీంకోర్టు గట్టిగా చెబుతూనే, స్వీకరించవలసిన సాక్ష్యాన్ని తప్పుగా తోసిపుచ్చడం వంటి స్పష్టమైన చట్టదోషం ఉన్నప్పుడు జోక్యం తగునని, అయితే ఇక్కడ కొత్త విచారణ అవసరం లేదని, ఆ సాక్ష్యాన్ని చేర్చి అప్పీలును తిరిగి వింటే చాలునని తేల్చింది. విడుదలను ముట్టుకోవడానికి ఎంత కారణం కావాలో, ముట్టుకున్నాక ఎంతవరకు వెళ్లాలో ఈ తీర్పు చెప్పినంత నిగ్రహంగా చెప్పినవి ఎక్కువ లేవు.

ప్రత్యక్షసాక్షి లేని కేసుల్లో, అంటే పరిస్థితులే సాక్ష్యమైన కేసుల్లో, ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన పడాల వీరారెడ్డి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పరీక్షలు ఇప్పటికీ ప్రతి జిల్లా కోర్టు తీర్పులోనూ కనిపిస్తాయి: ఒక్కొక్క పరిస్థితి గట్టిగా రుజువు కావాలి, అది నిందితుడి వైపే వేలు చూపాలి, అన్నీ కలిపి తెగని గొలుసులా ఏర్పడాలి, ఆ గొలుసుకు నిందితుడి నేరం తప్ప మరే వివరణా పొసగకూడదు. ‘చివరిసారి ఇద్దరినీ కలిసి చూశాం’ అన్న ఒక్క సాక్ష్యంతో నడిచే కేసులు ఈ పరీక్షల ముందు నిలవకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే కోర్టులు కోరే కచ్చితత్వం ఒక్కోసారి అవసరానికి మించిన సందర్భాలూ ఉన్నాయి. కాలిన గాయాలతో మరణించిన మహిళ మేజిస్ట్రేటుకు ఇచ్చిన మరణవాంగ్మూలం మీద, ఆమె స్పృహలో ఉందని డాక్టరు రాశారే గానీ వాంగ్మూలం ఇవ్వగల మానసిక స్థితిలో ఉందని రాయలేదన్న కారణంగా 1999లో పాపరంబక రోసమ్మ కేసులో సుప్రీంకోర్టు నిందితులను విడిచిపెట్టింది. అదీ ఆంధ్రప్రదేశ్ కేసే. 2002లో లక్ష్మణ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది మితిమీరిన సాంకేతికత అని, వాంగ్మూలం నమోదు చేసిన మేజిస్ట్రేటుకు ఆ మనిషి స్థితి గురించి నమ్మకం కలిగితే డాక్టరు ధ్రువపత్రం లేకపోవడం ఒక్కటే దాన్ని కొట్టివేయదని సరిదిద్దింది.

రెండు వైపులా జరిగే అన్యాయం

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద జరిగిన దాడిలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. విచారణ కోర్టు దోషులుగా తేల్చినవారిని హైకోర్టు విడిచిపెట్టింది. ప్రభుత్వ అప్పీలు మీద 2008 డిసెంబరు 19న సుప్రీంకోర్టు ఆ విడుదలను పక్కనపెట్టి ప్రధాన నిందితుడికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ల శిక్ష వేసింది. దాడి జరిగిన నాటికీ తుది తీర్పుకూ మధ్య ఇరవై మూడేళ్లు గడిచాయి. గుంపు చేసిన దాడిలో ఎవరు ఎవరిని ఏ ఆయుధంతో కొట్టారో పారిపోతున్న మనిషి వరసగా చెప్పలేడన్నది సాధారణ మానవస్వభావం. అందుకే 1964లో మసల్తీ కేసులో, ఒక్కరు కాకుండా కనీసం ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒకే తీరుగా పేర్కొన్న నిందితులను మాత్రమే దోషులుగా తీసుకునే పద్ధతిని సుప్రీంకోర్టు ఆమోదించింది. ఆ పద్ధతి సాక్షుల మాటల్లోని చిన్నచిన్న తేడాలకు చోటిస్తూనే అమాయకులు ఇరుక్కోకుండా అడ్డుపడుతుంది.

కారంచేడు తర్వాత ఆరేళ్లకు, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఘటన జరిగిన ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు శిక్ష విధించి, 123 మందిని విడిచిపెట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు, మరణాలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో జరిగాయన్నది ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంటూ శిక్ష పడిన వారందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఊరు విడిచి పారిపోయిన, శిబిరాల్లో బతికిన సాక్షుల వాంగ్మూలాలకు మామూలు రోజుల్లో మామూలు తగాదాకు వాడే కొలతనే వాడటం న్యాయమా అన్న ప్రశ్నను ఆ తీర్పు తెలుగు సమాజం ముందు ఉంచింది, ఆ ప్రశ్న నేటికీ చల్లారలేదు. ఆలస్యంగా చెప్పిన సాక్ష్యమంతా అల్లిన సాక్ష్యం కాదు, భయం కూడా ఆలస్యానికి కారణమేనన్నది గుర్తించని తీర్పు చట్టం దృష్టిలో జాగ్రత్తగా కనిపించినా వాస్తవం దృష్టిలో అసంపూర్ణమే.

1996లో గంగుల సత్యమూర్తి కేసులోనూ కారంచేడు కేసులోలాగే హైకోర్టు విడుదల నిలవలేదు. పదహారేళ్ల బాలికపై అత్యాచారం, హత్య కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన విడుదలను సుప్రీంకోర్టు రద్దు చేస్తూ, ఇటువంటి కేసులను కోర్టులు ఎక్కువ బాధ్యతతో, సున్నితంగా చూడాలని, స్వల్పమైన తేడాలను పట్టుకుని నమ్మదగిన సాక్ష్యాన్ని తోసివేయరాదని చెప్పింది. 1973లోనే శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, సందేహ లబ్ధి సూత్రాన్ని ప్రతి చిన్న అనుమానానికీ వర్తింపజేస్తే నేర న్యాయవ్యవస్థ మీద జనానికి నమ్మకం పోతుందని హెచ్చరించారు.

ఈ హెచ్చరిక ఎంత సరైనదో, దాన్ని అడ్డం పెట్టుకుని సందేహాన్నే అణిచివేయడం అంత ప్రమాదకరం. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైతే, రాష్ట్రమంతా దోషిని చూపమని అడుగుతున్న వేళ 2008 ఆగస్టులో పోలీసులు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు అతనికి యావజ్జీవం విధించింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ సాక్ష్యం నిలవదని తేల్చి అతణ్ణి విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. ఆ తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిన యవ్వనానికి లక్ష రూపాయలు పరిహారం కానేరవు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ అంతకాలం పట్టి దొరికింది సమాధానం కాదు, మొదటికి వచ్చిన ప్రశ్న. బలహీనమైన సాక్ష్యం మీద శిక్ష వేయించడం బాధితుల పక్షాన నిలబడటం కాదని చెప్పడానికి తెలుగునాట ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. రెట్టింపు నిర్దోషిత్వ భావన అన్న సూత్రాన్ని నేరస్థుడికి అనుకూలమైన సాంకేతికతగా కొట్టిపారేసేవారు ఈ కేసును ఒకసారి చదవాలి.

దర్యాప్తు మొదలైన చోటికి

అందువల్ల విడుదలల మీద ఆవేదన పడేవారు ముందుగా చూడవలసింది అమరావతి వైపు కాదు, నేరం జరిగిన ఊరి వైపు. మదనపల్లె, బి.కొత్తకోట, కుప్పం ప్రాంతాల నుంచి బెంగళూరుకు కూలికీ ఉద్యోగాలకూ వెళ్లేవారు ఎక్కువ. కుప్పం మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట ఉంది. నేరం జరిగిన రోజున ఊళ్లో ఉన్న సాక్షి విచారణ మొదలయ్యేసరికి వేరే రాష్ట్రంలో, వేరే మేస్త్రీ కింద, వేరే ఫోను నంబరుతో ఉంటాడు. సమన్లు అందితే ఒకరోజు కూలి పోగొట్టుకుని రావాలి, వచ్చాక వాయిదా పడితే మళ్లీ రావాలి. ఈలోగా ఊళ్లో రాజీ మాటలు మొదలవుతాయి, నిందితుడి బంధువులే సాక్షికీ బంధువులవుతారు, పోలీసులకు ఇచ్చిన మాటను కోర్టులో కాదనే స్థితి వస్తుంది. దీన్నే సాక్షి ఎదురుతిరగడం అంటారు. ఎదురుతిరిగిన సాక్షి చెప్పినదంతా వృథా కాదని, అందులో నమ్మదగిన భాగాన్ని తీసుకోవచ్చని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. అయితే తీసుకోవడానికి మరో ఆధారం తోడుండాలి, ఆ ఆధారం దర్యాప్తు అధికారి సేకరించి ఉండాలి.

2014 జనవరి 7న గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయంలో చేసినది విడుదల మీద అప్పీళ్ల చర్చలో అన్నిటికంటే ఆచరణాత్మకమైనదని చెప్పాలి. ఒక చిన్నారి మీద జరిగిన ఘోరమైన నేరంలో దర్యాప్తు లోపాల కారణంగా నిందితుణ్ణి విడిచిపెట్టక తప్పని స్థితిలో, ప్రతి విడుదల తీర్పునూ పరిశీలించి లోపం ఎక్కడ జరిగిందో నమోదు చేయడానికి పోలీసు, ప్రాసిక్యూషన్ శాఖల ఉన్నతాధికారులతో స్థాయీ సంఘాలు ఏర్పాటు చేయాలని, ఆ పాఠాలను కొత్త అధికారుల శిక్షణలో చేర్చాలని, నిర్లక్ష్యం రుజువైన అధికారుల మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని అది అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఈ పరిశీలన నిజంగా జరిగితే ఒక విడుదల తర్వాతి పది దర్యాప్తులను బాగుచేస్తుంది. మదనపల్లెలో ఒక కేసు మధ్యవర్తి సంతకం దగ్గర కూలిపోతే, ఆ సంగతి పుంగనూరు స్టేషన్‌కు చేరాలి. చేరకపోతే అక్కడి కేసు కూడా అదే చోట కూలిపోతుంది. స్థాయీ సంఘాల పరిశీలనలో తేలిన లోపాలను, వ్యక్తుల పేర్లు తీసేసి, జిల్లాలవారీగా ప్రజల ముందు ఉంచితే ఆ ఆదేశానికి ప్రాణం వచ్చినట్టవుతుంది.

కొత్త చట్టాలు ఈ దిశగా కొన్ని అడుగులు వేశాయి. సోదాలను, స్వాధీనాలను ఆడియో, వీడియోలలో చిత్రీకరించాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఏడేళ్లకు తక్కువ కాని శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలని 176వ సెక్షన్ నిర్దేశిస్తూ రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చింది. సాక్షుల రక్షణకు ప్రతి రాష్ట్రమూ పథకం రూపొందించాలని 398వ సెక్షన్ కోరుతోంది. కత్తి దొరికిన క్షణాన్ని కెమెరా పట్టుకుంటే మధ్యవర్తి మాట మార్చినా కేసు నిలుస్తుంది. కెమెరాలో ఆ కత్తిని పోలీసే పెట్టినట్టు కనిపిస్తే అమాయకుడు బయటపడతాడు. రెండూ న్యాయానికి కావలసినవే.

ప్రభుత్వ అప్పీళ్ల తీరు కూడా మారాలి. విడుదల తీర్పు మీద ప్రభుత్వం అప్పీలు చేయడానికి ఉన్న గడువు 90 రోజులు. ఆ గడువులో తీర్పు నకలు తెప్పించుకుని, పబ్లిక్ ప్రాసిక్యూటరు అభిప్రాయం తీసుకుని, రెండు అభిప్రాయాలకు చోటున్న కేసును వదిలి, చట్టదోషమో సాక్ష్యాన్ని పూర్తిగా విస్మరించడమో జరిగిన కేసును ఎంచుకోవడం బాధ్యతగల పని. పత్రికల్లో గొడవ అయింది కాబట్టి అప్పీలు వేయడం, గొడవ లేదు కాబట్టి వదిలేయడం ఆ బాధ్యతను విడిచిపెట్టడమే. అప్పీలు వేయకూడదని నిర్ణయించినప్పుడు కారణాన్ని బాధిత కుటుంబానికి రెండు మాటల్లోనైనా తెలియజేయడం కనీస మర్యాద.

ప్రభుత్వం అప్పీలు వేయకపోయినా బాధితులకు దారి మూసుకుపోదు. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణ బాధితులకు సొంత అప్పీలు హక్కు ఇచ్చింది, అది ఇప్పుడు సురక్షా సంహితలో 413వ సెక్షన్‌గా ఉంది. ఆ అప్పీలుకు ప్రభుత్వంలాగా ముందస్తు అనుమతి తీసుకోనక్కరలేదని 2018లో మల్లికార్జున కొడగలి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మహిళలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, చట్టం నిర్ణయించిన ఆదాయపరిమితిలోని పేదలకు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద హైకోర్టులో సైతం ఉచితంగా న్యాయవాది దొరుకుతారు. నిందితుడు విడుదలైన కేసులో కూడా బాధితులకు పరిహారం ఇవ్వాలని విచారణ కోర్టు సిఫారసు చేయవచ్చు, ఎంత ఇవ్వాలన్నది జిల్లా లేదా రాష్ట్ర న్యాయసేవాధికార సంస్థ నిర్ణయిస్తుంది. ఈ ప్రాంతపు బాధిత కుటుంబాలు తీర్పు వెలువడిన వారంలోపే దాని నకలుకు దరఖాస్తు చేసి, ఆ నకలుతో దగ్గరి కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీ కార్యాలయానికి వెళ్లి, అప్పీలుకు ఆధారం ఉందో లేదో చదివి చెప్పమని అడగాలి.